పైడమ్మ ఆపని పాట

ఒసేయ్ బుజ్జులూ, టీవీ కట్టేసి ఎంతసేపయింది, ఇంకా ఆ పాటల పోటీ గొడవేనా? ఎర్ర లంగా పిల్ల ఒక్క స్వరం కూడా తప్పకుండా పాడిందంటావు. కళ్ళజోడు పిల్ల పాడితే మీ అమ్మ కళ్ళు తుడుచుకుందంటావు. ఇద్దర్లో ఎవరు గొప్పో నన్ను తేల్చమంటావు. నేనేమన్నా జడ్జీనా? పడుకో. దుప్పటి కప్పుకో. కాళ్ళు నా మీద వెయ్యకు, మోకాళ్ళు సలుపుతున్నాయి. కథ చెప్తాను. తీర్పు నువ్వే చెప్పుకో.

అనగనగా ఒక ఊరు. ఏ ఊరని అడుగుతావని నాకు తెలుసు. గవ్వలపాలెం. సముద్రం ఒడ్డున ఉంది. ఇంక అడ్డు రాకు.

ఆ ఊరందరికీ కలిపి ఒకటే పెద్ద వల. అలివి వల అంటారు దాన్ని. పొద్దున్నే నలుగురు మగాళ్ళు దాన్ని పడవలో వేసుకుని లోపలికి వెళ్తారు. నీళ్ళలో చంద్రవంకలాగా పరిచేసి ఒడ్డుకి వచ్చేస్తారు. వల సముద్రంలో ఉంటుంది, దాని రెండు తాళ్ళూ ఒడ్డున ఉంటాయి. అప్పుడు ఊరంతా, ఆడా మగా, ముసలీ ముతకా, ఇటు సగం అటు సగం తాళ్ళు పట్టుకుని లాగాలి.

ఊరికే లాగితే రాదమ్మా అది. సముద్రం తక్కువదా? కెరటం ముందుకొచ్చేటప్పుడు లాగాలి. వెనక్కి పోయేటప్పుడు కాళ్ళు ఇసకలో తన్ని పెట్టి ఆపాలి. ఒకళ్ళు ముందూ ఒకళ్ళు వెనకా లాగితే వల వంకరపోతుంది. వెనక్కి పోయే నీళ్ళకి ఎదురు లాగితే తాడు పుటుక్కుమంటుంది.

అందుకని ఆ ఊళ్ళో ఒక ఆచారం. రెండు తాళ్ళ మధ్య ఇసకలో ఒక మనిషి నిలబడి పాడుతుంది. ఆవిడ గొంతులో మాట సాగుతున్నంతసేపూ అందరూ ఆపుతారు. ఆవిడ ‘హైలెస్సా’ అనగానే అందరూ ఒక్క లాగు లాగుతారు. ఆ చోటు ఊళ్ళో ఒక్క మనిషిదే. అక్కడ పిల్లలు కూడా గంతులెయ్యరు.

ఆ చోటు పైడమ్మ వాళ్ళమ్మ సీతాలుది. సీతాలు కిందటి వానల్లో జ్వరం తగిలి పోయింది. పైడమ్మ ఇంకా పరికిణీ కట్టే పిల్ల. అమ్మ లేదు, అన్నదమ్ముల్లేరు, నాన్న పోలయ్య ఒక్కడే. పోలయ్య పడవ మీద వెళ్ళే నలుగురిలో ఒకడు. ఆ పిల్లకి ఒకటే పట్టుదల. అమ్మ నిలబడ్డ చోట నేనే నిలబడాలి, ఇంకెవరన్నా నిలబడితే నా కళ్ళతో చూడలేను అని.

కానీ పక్కింట్లోకి ఒక కోడలొచ్చింది. పేరు కనకరత్నం. ఆ ఇంటి కుర్రాడు దానయ్య పట్నంలో చేపలమ్మబోయి, ఆవిణ్ణి చూసి మనసుపడి చేసుకున్నాడు. వాళ్ళ నాన్న నాటకాల్లో హార్మోనియం వాయించేవాడట. ఊహ తెలిసినప్పట్నించీ కూతుర్ని తెల్లారగట్ల లేపి కూచోబెట్టి సాధన చేయించాడట. అబ్బో, గొంతంటే గొంతే అది! ఆవిడ దొడ్లో అంట్లు తోముతూ కూనిరాగం తీస్తే దారినపోయేవాళ్ళు ఆగిపోయేవారు.

ఆ చోటు ఆవిడకే ఇద్దామని సగం ఊరంది. అప్పుడు వల పనికి పెద్ద అయిన ముత్యాలు తాత అన్నాడు, “చెరో పొద్దూ పాడండి. వల ఎవరి మాట వింటే చోటు వాళ్ళది.”

మొదట కనకరత్నం నిలబడింది. పాట సీతాలు పాడిన పాటే. ఊరందరికీ నోటికొచ్చిన పాట.

రావె వలా, రావె తల్లీ, హైలెస్సా!
గంగ నిన్ను సాగనంపె, హైలెస్సా!
ఆకలున్న ఇళ్ళు చూడు, హైలెస్సా!

కనకరత్నం ‘రా’ అని ఎత్తుకుంది. మెట్టు మీద మెట్టెక్కి పైకి పోయింది. అక్కడ ఒక గిరికీ కొట్టింది. దిగినట్టే దిగి ఇంకోటి కొట్టింది. ఒక్క చోట జీర లేదు, ఒక్క చోట వణుకు లేదు. ఊపిరి ఎక్కడ పీలుస్తోందో కూడా తెలీలేదు. ఆహా అన్నారు జనం.

ఆహా అన్నారు గానీ, లాగడం ఎప్పుడో ఎవరికీ తెలీలేదు! అటు తాడువాళ్ళు మొదటి గిరికీకి లాగేశారు. ఇటు తాడువాళ్ళు ఇంకా వింటున్నారు. మధ్యలోవాళ్ళు తాడు చంకలో పెట్టుకుని తలలూపుతున్నారు. వల వంకరపోయింది. చేపలు పక్కనించి హాయిగా వెళ్ళిపోయాయి.

పైడమ్మ ఇంకోటి కూడా కనిపెట్టింది. ‘ఆకలున్న ఇళ్ళు చూడు’ అన్నది కూడా కనకరత్నం నవ్వుమొహంతోనే పాడింది. స్వరం సరిగ్గా పడిందన్న సంతోషం పాపం. ఆకలి సంగతి ఆవిడకి గుర్తే లేదు.

ముత్యాలు తాత మంచి మనిషి, నొప్పించేలా అనడు. “అమ్మా, నీ పాట కూచుని వినేది. మాకు నిలబడి లాగించేది కావాలి” అన్నాడు. కానీ చేపలబుట్ట నెత్తిన పెట్టుకుని వచ్చిన ముసలమ్మ ఊరుకుంటుందా? “చెవులు నిండాయే తల్లీ, బుట్ట నిండలేదు” అని బుట్ట బోర్లించి చూపించింది.

ఆ తర్వాత పొద్దు పైడమ్మది. పైడమ్మకి గిరికీలూ తెలీవు, మెట్లూ తెలీవు. అమ్మ నిలబడ్డ చోట నిలబడింది. కాళ్ళ కింద ఇసక చల్లగా తగిలింది. ‘రావె వలా, రావె తల్లీ’ అంది.

తల్లీ అన్న మాట నోట్లోంచి వచ్చిందో లేదో, అమ్మే గుర్తొచ్చింది ఆ పిల్లకి. వలని పిలవడం పోయి అమ్మని పిలవడం అయిపోయింది. రావె తల్లీ, రావె తల్లీ, రావె తల్లీ. అదే మాట. గొంతు పగిలిపోతోంది, అయినా పిలుస్తోంది. అది విని ఆడవాళ్ళు బావురుమన్నారు. మగాళ్ళు బింకంగా కాసేపు పళ్ళు బిగబట్టారు. ఆ తర్వాత వాళ్ళూ ఏడ్చారు. ఏడిస్తే ఏడ్చారు, ఏడ్చేవాళ్ళు ఏం చేస్తారే? కళ్ళు తుడుచుకుంటారు. కళ్ళు తుడుచుకోవాలంటే ఏం కావాలి?

ఆఁ! చెయ్యి కావాలి! తలా ఒక చెయ్యి తాడు వదిలేసింది!

సముద్రం ఊరుకుంటుందా? ఒక్క గుంజు గుంజింది. రెండు తాళ్ళూ సర్రున ఇసక మీదనించి జారి నీళ్ళలోకి పోయాయి. వలకి వల, చేపలకి చేపలు, అన్నీ లోపలికే. మగాళ్ళు పీకల్లోతు నీళ్ళలోకి ఉరికి, నానా పాట్లు పడి తాళ్ళు పట్టుకొచ్చారు.

నవ్వుతున్నావా? నవ్వు, నవ్వు. ఆ పూట ఎన్ని పొయ్యిలు వెలగలేదో నీకేం తెలుసు.

ముత్యాలు తాతకి ఈసారి కోపం వచ్చింది. “లాగించమంటే ఏడిపిస్తావేంటే? సీతాలు పాడితే మేం ఏడ్చామా?” అన్నాడు. ఇంకొకళ్ళు అందుకున్నారు. “అసలీ పాటెందుకు తాతా, డప్పు కొట్టి లాగుదాం. ఈ చోటే ఎత్తేద్దాం.” అందరూ నిజమే నిజమే అన్నారు.

పైడమ్మ గుండె గుభేలుమంది. తనకి రాకపోతే కనకరత్నానికి వస్తుందనుకుంది గానీ, అమ్మ నిలబడ్డ చోటే లేకుండా పోతుందని అనుకోలేదు. “తాతా, ఇంకొక్కసారి” అంది. తాత ఆలోచించి, “అమావాస్య వెళ్ళనీ. అప్పుడు ఒకసారి చూస్తాను. కుదరకపోతే డప్పే” అన్నాడు.

ఇంకో పిల్లయితే ఇంట్లో మూల కూచుని ఏడ్చేది. పైడమ్మ తిన్నగా పక్కింటికి పోయింది. అవునే, పోటీ మనిషి ఇంటికే! కనకరత్నం బియ్యం ఏరుతోంది.

“వదినా, నాకు ఊపిరి పట్టడం నేర్పు” అంది.

కనకరత్నం తెల్లబోయింది. “నీకు నేర్పితే నాకేంటి?” అంది. కాస్త అక్కసు ఉంటుంది కదా మరి.

“నీకేం లేదు వదినా. మా అమ్మ చోటు పోతుంది, అంతే.”

కనకరత్నం చేట పక్కన పెట్టేసింది. ఆవిడ చెడ్డది కాదు బుజ్జులూ. కథల్లో ఇద్దరుంటే ఒకళ్ళు చెడ్డవాళ్ళు కావాలని ఎక్కడా లేదు. “నేర్పుతాను. కానీ నువ్వూ నాకొకటి చెప్పాలి. నువ్వు పాడితే జనం ఎందుకేడుస్తారు? నేను ఇన్నేళ్ళు సాధన చేశాను, నా పాటకి ఇంతవరకూ ఒక్కళ్ళ కన్ను తడవలేదు” అంది. ఆ మాట అంటుంటే ఆవిడ మొహం చిన్నబోయింది.

“నాకేం తెలుసు వదినా? నేను పాడను, పిలుస్తాను. అంతే.”

అప్పుడు సాధన మొదలైంది. మొదట నీళ్ళబిందె చంకన పెట్టించి ఇసకదిబ్బ ఎక్కించింది. ఎక్కుతున్నంతసేపూ ‘రా’ అని ఒకటే స్వరం. స్వరం వణికితే కిందికి దిగి మళ్ళీ ఎక్కాలి. పైడమ్మకి కాళ్ళు పీక్కుపోయాయి. “ఇంక చాల్లే” అని వదినే అంది గానీ ఆ పిల్ల అన్లేదు. దిగి మళ్ళీ ఎక్కింది.

ఆ తర్వాత నడుం లోతు నీళ్ళలో నిలబెట్టింది. కెరటం వెనక్కి తిరిగినప్పుడు మాట ఎత్తుకోవాలి, కొత్త కెరటం వచ్చేదాకా సాగదీయాలి. చిన్న కెరటానికి చిన్న ఊపిరి, పెద్ద కెరటానికి పెద్ద ఊపిరి. నోట్లోకి ఉప్పునీళ్ళు పోయేవి. ఉమ్మేసి మళ్ళీ ఎత్తుకునేది. మొండిఘటం! పోలయ్య చూసి, “దీనికి పంతం వాళ్ళమ్మ పోలికే” అని మురిసిపోయేవాడు.

మూడోది మాత్రం కుదర్లేదు. పాటంతా బాగా వచ్చేది, ‘తల్లీ’ దగ్గరికొచ్చేసరికి గొంతు పూడుకుపోయేది. “ఆ మాట తీసేసి పాడు, అమ్మడూ. వేరే మాట పెట్టుకో” అంది కనకరత్నం.

“తియ్యను వదినా. అది తీసేస్తే అది మా అమ్మ పాట కాదు.”

కనకరత్నం తల పట్టుకుంది. పైడమ్మ పొట్ట మీద అరచెయ్యి పెట్టింది. “సరే, తియ్యొద్దు. ఏడుపు రానీ. కానీ గొంతులోకి రానివ్వకు. గొంతులోకొస్తే పాట ఆగిపోతుంది. దాన్ని ఇక్కడే పట్టుకో. ఊపిరి కూడా ఇక్కణ్ణించే తీసుకో. రెండూ ఒకచోటే ఉండనీ” అంది. పైడమ్మ ప్రయత్నించింది. రాలేదు. మర్నాడూ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. అమావాస్య వచ్చేసింది.

అమావాస్య వెళ్ళిన పొద్దు ఆకాశం నల్లగా ఉంది. గాలి సరిగ్గా లేదు. వద్దులే అన్నాడు ముత్యాలు తాత. కానీ బుట్టలు ఖాళీగా ఉండి చాలా రోజులైంది. ఒక్క వల వేసి వచ్చేద్దామని పడవెక్కారు. పోలయ్య, దానయ్య, ఇంకిద్దరు.

వల పరిచారు. వెనక్కి వచ్చారు. రెండో తాడు కొస ఒడ్డున వాళ్ళకి విసిరారో లేదో, ఇంతెత్తు కెరటం లేచి పడవని తిరగేసింది! నలుగురూ నీళ్ళలో పడ్డారు. వెనక్కి పోయే నీళ్ళు వాళ్ళని వల దాకా ఈడ్చుకుపోయాయి. ఈత రాదా అంటావు. వాళ్ళకి రాకపోతే ఇంకెవరికొస్తుంది? కానీ ఆ రోజు నీళ్ళు ఈతకి లొంగే నీళ్ళు కావు. వలకి కట్టిన తేలే బెండ్లు పట్టుకుని వేలాడారు పాపం.

ఒడ్డున గగ్గోలు. అయ్యో అంటారు, లాగండంటారు, ఎవరికి తోచినట్టు వాళ్ళు లాగేస్తున్నారు. తాడు కిర్రుమంటోంది. “ఆపండ్రా! తాడు తెగితే మనుషులు పోతారు!” అని ముత్యాలు తాత అరిచాడు. అప్పుడు ఒకడు డప్పు తెచ్చి కొట్టాడు. గాలి హోరులో డప్పు సగం మందికి వినిపించలేదు. విన్నవాళ్ళు లాగారు, విననివాళ్ళు ఆగారు. అదీ పనికిరాలేదు.

“కనకరత్నం! పాడమ్మా! నీది పెద్ద గొంతు!” అన్నారు. కనకరత్నం తాళ్ళ మధ్యకి పరిగెత్తింది. నోరు తెరిచింది. నీళ్ళలో దానయ్య తల ఒకసారి పైకొచ్చి మళ్ళీ మునిగింది. అంతే. ఆవిడ నోట్లోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. అంత సాధన చేసిన గొంతు అట్లాగే కొయ్యబారిపోయింది. ఆవిడ ఇసకలో కూలబడిపోయింది.

అప్పుడు పైడమ్మ వచ్చి నిలబడింది.

నాన్న నీళ్ళలో ఉన్నాడు. అమ్మ లేనే లేదు. ఆ పిల్లకి ఎంత ఏడుపొచ్చిందో నేను చెప్పలేను తల్లీ, నాకే ఏడుపొస్తోంది. పొట్ట మీద తన అరచెయ్యి తనే పెట్టుకుంది. వచ్చిన ఏడుపుని అక్కడే అదిమి పట్టింది. ఊపిరి తీసుకుంది. కెరటం వెనక్కి తిరిగింది.

“రావె వలా, రావె తల్లీ...”

తల్లీ అన్న మాట వచ్చింది. గొంతు పూడలేదు! ఆ మాటని పట్టుకుని సాగదీసింది. గాలి హోరు మీదనించి వెళ్ళిపోయింది ఆ గొంతు. మాట సాగుతున్నంతసేపూ తాళ్ళు పట్టుకున్నవాళ్ళు కదల్లేదు, మెదల్లేదు. కొత్త కెరటం లేచింది. “హైలెస్సా!” అంది. ఊరంతా ఒక్క మనిషై లాగింది. వల ఒక బార ముందుకొచ్చింది.

మళ్ళీ మాట. మళ్ళీ లాగు. ఏ కెరటం ఎప్పుడు తిరిగొస్తుందో తెలీదు. కొన్ని గబుక్కున వచ్చేవి, కొన్ని ఎంతకీ రావు. రానంతసేపూ ఆ పిల్ల మాట ఆపకూడదు. ఆపిందంటే జనం తొందరపడి లాగేస్తారు, తాడు తెగుతుంది. మొహం కందగడ్డయింది. మెడ నరాలు తేలాయి. ఆపలేదు.

ఆ పాట విన్నవాళ్ళకీ కళ్ళలో నీళ్ళు కారాయి. కారితే కారాయి, ఈసారి తుడుచుకోవడానికి ఒక్కడు చెయ్యి తియ్యలేదు. అరచేతులు చీరుకుపోయి తాడు ఎర్రబడింది. అయినా తియ్యలేదు. ఆకలున్న ఇళ్ళు చూడు అంటే ముసలమ్మ కూడా బుట్ట విసిరేసి వచ్చి తాడు పట్టుకుంది.

మధ్యలో ఒక కెరటం పోలయ్య మీద పడింది. తల కనబడలేదు. అందరూ చూశారు. పైడమ్మా చూసింది. జనం గుండెలు జారిపోయాయి. పాట ఆగుతుందనుకున్నారు. ఆగలేదే! ఇంకా గట్టిగా పిలిచింది. ఆ కెరటం పోయాక బెండు పక్కనించి తల పైకొచ్చింది.

వల ఇసకెక్కింది. నలుగురూ దాంతోపాటే వచ్చారు. నడుం లోతు నీళ్ళలోకి ఊరంతా ఉరికి వాళ్ళని మోసుకొచ్చింది. నలుగురూ ఉన్నారు, నలుగురికీ ఊపిరి ఉంది. దానయ్య కనబడగానే కనకరత్నం కేక పెట్టి మీద పడి ఏడ్చింది. ఆ కేకకి తాళం లేదు, స్వరం లేదు. ఊరందరి కళ్ళూ తడిశాయి. ఆవిడకి మాత్రం ఆ సంగతి పట్టలేదు.

పోలయ్య ఇసకలో వెల్లకిలా పడుకుని ఉప్పునీళ్ళన్నీ కక్కాడు. పైడమ్మ పక్కన కూచుని తల తుడుస్తోంది. అప్పుడాయన అన్నాడు, “చేతులు ఎప్పుడో మొద్దుబారిపోయాయే. నువ్వు పాట ఆపితే వదిలేద్దామనుకున్నాను. నువ్వు ఆపలేదు.”

పైడమ్మ తల తుడవడం ఆపింది. నాన్న చెయ్యి పట్టుకుని కూచుంది.

ముత్యాలు తాత రొప్పుతూ వచ్చాడు. ఆయన అరచేతులూ చీరుకుపోయాయి. “అమ్మా పైడమ్మా, డప్పూ లేదు, గిప్పూ లేదు. రేపట్నించి తాళ్ళ మధ్య నిలబడేది నువ్వే” అన్నాడు. ఊరంతా చుట్టూ మూగి ఆ పిల్ల ఏమంటుందా అని చూస్తోంది.

“అలాగే తాతా. రేపు పాడతాను. ఇప్పుడు నన్ను కాసేపు ఏడవనియ్యి” అంది పైడమ్మ. నాన్న గుండె మీద తల పెట్టుకుని, పొట్టలో అదిమి పట్టిందంతా వదిలేసి, గట్టిగా, వెక్కి వెక్కి ఏడ్చింది. ఎవరూ ఊరుకోమనలేదు.

కథేమో కెరటమెక్కి కంచికి,
వలేమో ఇసకెక్కి ఒడ్డుకి,
బువ్వ తిన్న బొజ్జేమో మంచానికి,
బుజ్జి కళ్ళు రెండూ నిద్దరకి,
నువ్వూ నేనూ చేరాం మనింటికి!